హార్డ్ డిస్క్ జోలికి వెళ్లకుండా

"ముట్టుకోకు, పాడైపోతుంది." కంప్యూటర్ గురించి మన ఇళ్లలో పిల్లలు మొట్టమొదట వినే మాట ఇదే. కాస్త పెద్దయ్యాక రిపేరు షాపులో ఇంకో మాట వింటారు. "ఫార్మాట్ కొట్టాలండీ, డేటా పోతుంది, పర్వాలేదా?" పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఇరుక్కుంటాయి. ఈ రెండు మాటలూ విని పెరిగినవాళ్లు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వాడి చూడమంటే వెనక్కి తగ్గడంలో వింతేమీ లేదు. నిజంగా డేటా పోగొట్టుకున్నవాళ్లను కళ్లారా చూసినందువల్ల వచ్చిన భయం అది. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

అందుకే ఈ అధ్యాయంలో మీకు ధైర్యం చెప్పబోవడం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ధైర్యం చెప్పడం తేలిక, దానివల్ల ఒరిగేది తక్కువ. తప్పు చేసినా నష్టం జరగని చోటు ఒకటి చూపిస్తే ధైర్యం దానంతట అదే వస్తుంది. లినక్స్ విషయంలో అలాంటి చోటు పాతికేళ్లుగా అందుబాటులో ఉంది. దాన్ని లైవ్ సీడీ అంటారు. డ్రైవ్‌లో పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే లినక్స్ నేరుగా ఆ సీడీ నుంచే నడుస్తుంది. హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్‌తో దానికి పని లేదు. సీడీ తీసేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ మీ పాత విండోస్, పాత వాల్‌పేపర్, ఎక్కడివక్కడే.

లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. తొలి పదేళ్లలో దాన్ని వాడి చూడాలంటే దాదాపు ప్రతి ఒక్కరూ హార్డ్ డిస్క్‌ను విడగొట్టుకోవాల్సి వచ్చేది. ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని మనిషి ఒక్క అంకె తప్పు కొడితే విండోస్ గల్లంతయ్యేది. అన్నిటికన్నా ప్రమాదకరమైన పనిని మొట్టమొదటి రోజునే, ఏమీ తెలియనివాడి చేత చేయించే పద్ధతి అది. నేర్పడానికి ఇంతకన్నా చెడ్డ పద్ధతి ఉండదని నా నమ్మకం. లినక్స్‌ను సీడీ నుంచే నడిపించాలన్న ప్రయత్నం 1992లోనే ఇగ్‌డ్రసిల్ అనే లినక్స్‌తో మొదలైంది గానీ, అప్పటి సీడీ డ్రైవ్‌ల వేగం దానికి చాలలేదు. జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ 2000 సెప్టెంబర్‌లో క్నాపిక్స్ విడుదల చేశాక పరిస్థితి మారింది. ఆయన సుమారు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి 700 ఎంబీ సీడీలో పట్టించాడు. ఏ సౌండ్ కార్డు ఉంది, ఏ గ్రాఫిక్స్ కార్డు ఉంది అన్నది ఆన్ అయ్యే ప్రతిసారీ సీడీయే వెతికి పట్టుకునేలా చేశాడు. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన పనిముట్లన్నీ జేబులో ఉన్నట్టే.

తర్వాత 2004 అక్టోబర్‌లో ఉబుంటు అనే లినక్స్ వచ్చింది. మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ సంస్థ ఆ సీడీలను అడిగినవాళ్లందరికీ, ప్రపంచంలో ఏ మూల ఉన్నా, పోస్టులో ఉచితంగా పంపింది. తొలి రోజుల కవర్లలో రెండేసి సీడీలు ఉండేవి. ఇన్‌స్టాల్ చేయడానికి ఒకటి, ఊరికే నడిపి చూడడానికి ఒకటి. 2006 జూన్‌లో వచ్చిన 6.06 వెర్షన్‌తో ఆ రెండూ ఒకే సీడీలోకి చేరాయి. ఉచితంగా పంపే పథకం 2011లో ఆగిపోయింది. ముందు నడిపి చూసి, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి మాత్రం పేరున్న చాలా లినక్స్‌లలో స్థిరపడింది.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. లైవ్ సీడీ ఎందుకు సురక్షితమో తెలియకుండా, ఎవరో చెప్పారు కదా అని వాడితే భయం మనసులో ఓ మూల ఉండనే ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ భయానికి చోటుండదు.

కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డ్ మీది చిన్న ప్రోగ్రాం, అంటే బయోస్ లేదా దాని కొత్త రూపం యూఈఎఫ్ఐ, "ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి" అని చూస్తుంది. సీడీ నుంచి మొదలుపెట్టమని మనం చెబితే, సీడీలోని లినక్స్ కెర్నెల్, అంటే దాని గుండెకాయ, ర్యామ్‌లోకి ఎక్కుతుంది. మిగిలిన సాఫ్ట్‌వేరంతా సీడీ మీద ఒక పెద్ద కుదించిన ఫైలుగా ఉంటుంది. కావలసినప్పుడల్లా అందులోంచి కావలసిన ముక్కను తెచ్చుకుంటుంది. మరి మీరు వాల్‌పేపర్ మార్చినా, ఫైలు సేవ్ చేసినా ఆ మార్పు ఎక్కడికి పోతుంది? సీడీ మీద రాయడానికి వీల్లేదు, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోవడం లేదు. ఆ రాతలన్నీ ర్యామ్‌లోని ఒక పొరలోకి వెళ్తాయి. బళ్లో ఇండియా మ్యాపు మీద ట్రేసింగ్ కాగితం పరిచి నదులు గీసేవాళ్లం కదా, అచ్చం అలాంటిదే. గీతలు మ్యాపు మీదే ఉన్నట్టు కనబడతాయి, మ్యాపుకు మాత్రం ఒక్క గీతా అంటదు. మీరు ఒక ఫైలును తొలగిస్తే, "ఇది ఇక కనబడకూడదు" అన్న గుర్తు ఆ పొరలో పడుతుందే తప్ప సీడీలోని ఫైలు చెక్కుచెదరదు. కరెంటు పోగానే ర్యామ్ ఖాళీ అవుతుంది, పొర మాయమవుతుంది.

ఇంత చెప్పాక, ఈ రక్షణ ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. లైవ్ లినక్స్ మీ హార్డ్ డిస్క్‌ను తనంతట తాను ముట్టుకోదు, మీరు ముట్టుకోమంటే మాత్రం ముట్టుకుంటుంది. తెర మీద "ఇన్‌స్టాల్" అన్న బొమ్మ ఉంటుంది. మొదటి వారం దాన్ని నొక్కకండి. ఫైల్ మేనేజర్‌లో ఎడమ పక్కన మీ విండోస్ డ్రైవ్ కూడా కనబడవచ్చు. దాన్ని తెరిచి ఒక ఫోటోను డిలీట్ చేస్తే ఆ ఫోటో నిజంగానే పోతుంది. చూడండి, కాపీ చేసుకోండి, అక్కడ ఏదీ తొలగించకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉండే అవకాశం ఎక్కువ. బూట్ సెట్టింగులు మారిస్తే విండోస్ మళ్లీ తెరుచుకునేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఏ సెట్టింగునూ కదిలించకముందే దాన్ని చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకో చిన్న జాడ కూడా మిగలవచ్చు. గడియారాన్ని లినక్స్ లెక్కపెట్టే తీరు వేరు కాబట్టి, తిరిగి విండోస్‌లోకి వచ్చాక ఒక్కోసారి టైము ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. కంగారుపడక్కర్లేదు, ఇంటర్నెట్ టైముతో సింక్ చేస్తే సరిపోతుంది.

సీడీ అంటున్నాను గానీ, నేటి లినక్స్‌లలో చాలావరకు సీడీలో పట్టవు. ఉబుంటు 2012లో వచ్చిన 12.10తోనే 700 ఎంబీ హద్దు దాటింది. ఇప్పుడది మామూలు డీవీడీలోనూ పట్టనంత పెద్దదైంది. లినక్స్ మింట్ డీవీడీలో పడుతుంది. పప్పీ లాంటి చిన్న లినక్స్‌లలో కొన్ని మాత్రం ఇప్పటికీ సీడీలో ఒదుగుతాయి. ఇంట్లో మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌కు సీడీ డ్రైవ్ ఉంటే పప్పీతోనే మొదలుపెట్టండి. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది కాబట్టి ఆ తర్వాత సీడీని బయటికి తీసినా నడుస్తూనే ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే మింట్, 8 జీబీ అయితే ఉబుంటు ఎంచుకోవచ్చు. వీటిని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పద్ధతి అదే, రక్షణ అదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ప్రాసెసర్ పాతదనో, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో విండోస్ 11కు పనికిరాని ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో బోలెడున్నాయి. వాటిలో దేన్నైనా పాత సామాన్లవాడికి వేసే ముందు ఈ పరీక్ష చేయండి.

డిస్క్ తయారీ తేలికే. మీరు ఎంచుకున్న లినక్స్ అసలు వెబ్‌సైట్ నుంచే ఐఎస్ఓ ఫైలు, అంటే మొత్తం డిస్క్ నకలు ఉన్న ఒకే ఫైలు, దించుకోండి. పెన్‌డ్రైవ్‌కైతే రూఫస్ లాంటి ప్రోగ్రాం వాడండి. పెన్‌డ్రైవ్‌లో అప్పటిదాకా ఉన్నదంతా చెరిగిపోతుంది. ఈ మొత్తం వ్యవహారంలో అందరూ మరిచిపోయే డేటా నష్టం ఇదొక్కటే. సీడీకైతే విండోస్‌లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి "బర్న్ డిస్క్ ఇమేజ్" నొక్కాలి. చాలామంది ఐఎస్ఓ ఫైలును పాటల ఫైలులా సీడీలోకి కాపీ చేసి, బూట్ కావడం లేదని విసుగుపడతారు. రాసిన సీడీని తెరిచి చూడండి. ఫైళ్లు, ఫోల్డర్లు చాలా కనబడితే సరిగా రాసినట్టు. ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైలు కనబడితే మళ్లీ రాయాలి.

ఆ తర్వాత కంప్యూటర్‌ను షట్ డౌన్ చేయకుండా రీస్టార్ట్ చేయండి. ఈ కాలపు విండోస్ షట్ డౌన్ అన్నా పూర్తిగా ఆగదు, సగం స్థితిని డిస్క్‌లో దాచుకుంటుంది. కంపెనీ గుర్తు కనబడగానే బూట్ మెనూ మీటను గబగబా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ లేదా ఎఫ్8. వచ్చిన జాబితాలో సీడీనో, పెన్‌డ్రైవ్‌నో ఎంచుకోండి. తెర నల్లగా ఉండిపోతే మళ్లీ మొదలుపెట్టి మెనూలో "సేఫ్ గ్రాఫిక్స్" లేదా "కంపాటిబిలిటీ మోడ్" అన్నదాన్ని నొక్కండి. ఎక్కువసార్లు తెర వెలుగుతుంది.

డెస్క్‌టాప్ వచ్చింది. ఇంట్లోవాళ్లు చూసి "ఏంట్రా ఇది, మన కంప్యూటర్ ఏమైంది?" అంటారు. వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి.

మొదటి గంటలో నెమ్మదిని చూసి తీర్పు చెప్పకండి. సీడీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి లెన్స్ జరగడానికి పట్టే సమయం మామూలు హార్డ్ డిస్క్‌తో పోలిస్తే సుమారు పదింతలు. పైగా కుదించినదాన్ని విప్పుకుంటూ నడవాలి. డ్రైవ్ గుర్రుమంటుంది, ఫైర్‌ఫాక్స్ తెరుచుకోవడానికి ఆలస్యమవుతుంది. ఇన్‌స్టాల్ చేశాక వచ్చే వేగానికి దీనికి పోలిక లేదు. తీర్పు చెప్పాల్సింది వేరే విషయాల మీద.

మొదటిది వైఫై. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు డ్రైవర్ విడిగా దించుకోవాలి, దించుకోవడానికేమో నెట్ ఉండదు. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది. తర్వాత ఒక పాట వినండి, వీడియో కాల్‌లో కెమెరా చూడండి, వెలుతురు పెంచే తగ్గించే మీటలు నొక్కండి, మూత మూసి తెరవండి. ప్రింటర్ కలపండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు కలపగానే పనిచేస్తాయి. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో కనబడే కెనాన్ ఎల్‌బీపీ 2900కు మాత్రం ప్రత్యేక డ్రైవర్ కావాలి, దాన్ని ఎక్కించడానికి ఓపిక కూడా కావాలి. ఇవన్నీ ఇన్‌స్టాల్ చేయకముందే తెలియడమే లైవ్ సీడీ చేసే మేలు.

రెండోది మీ పని. లినక్స్‌లో ఏమేం ఉన్నాయో చూస్తూ తిరగడం కాదు, రోజూ మీరు చేసే పని చేయండి. వర్డ్‌లో రాసుకున్న ఉత్తరాన్ని లిబ్రే ఆఫీస్‌లో తెరవండి. ఎక్సెల్ లెక్కలు సరిగా వస్తున్నాయో లేదో చూడండి. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగును చేర్చుకుని ఇన్‌స్క్రిప్ట్‌లో నాలుగు వాక్యాలు టైపు చేయండి. "రాష్ట్రం", "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అని రాసి ఒత్తులు తీరుగా పడుతున్నాయో గమనించండి. యూనికోడ్ తెలుగుకు నేటి లినక్స్‌లో ఇబ్బంది లేదు. మెనూలు కూడా తెలుగులో కావాలనుకునేవాళ్లు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ బృందం కృషిని, సీడాక్ వాళ్ల బాస్ లినక్స్‌ను చూడవచ్చు. కానీ మీ జీవనాధారం డీటీపీ అయితే, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేస్తుంటే, లేదా టాలీలో లెక్కలు రాస్తుంటే ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఆ ప్రోగ్రాములు విండోస్ కోసం చేసినవి. ఆ కంప్యూటర్‌లో విండోస్ ఉండనివ్వండి. లినక్స్ మీద ఇష్టంతో పూట గడిచే పనిని చెడగొట్టుకోమని ఏ మంచి గురువూ చెప్పడు.

ఇక ఈ అధ్యాయంలో మీ చేత చేయించాలనుకున్న అసలు అభ్యాసం. మిగతావన్నీ మరిచినా దీన్ని మాత్రం చేయండి. ఆ లైవ్ డెస్క్‌టాప్‌ను కావాలని చెడగొట్టండి. విండోస్ డ్రైవ్‌ను తెరవకుండా, లైవ్ లినక్స్ వరకే. ప్యానెల్ తీసేయండి. ఫైర్‌ఫాక్స్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. రంగులు, ఫాంట్లు చదవడానికి వీల్లేనంతగా మార్చండి. తెలియని సెట్టింగు కనబడితే అదేమిటో తెలుసుకోవడానికి నొక్కండి. టెర్మినల్ తెరిచి, డిస్క్‌ల జాబితా చూపే ఆదేశాలు, మెమరీ ఎంతుందో చెప్పే ఆదేశాలు కొట్టి చూడండి. డిస్క్‌ను ఫార్మాట్ చేసే ఆదేశాల జోలికి మాత్రం పోకండి. అంతా గందరగోళమయ్యాక రీస్టార్ట్ చేసి మళ్లీ సీడీ నుంచే బూట్ చేయండి. ప్యానెల్ తన చోట తను ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ఉంటుంది. రంగులు మొదటిరోజు రంగులే. ఈ రెండో బూట్ చూసిన మనిషి చేతిలో మౌస్ కదిలే తీరే మారిపోతుంది. అంతవరకూ "ఇది నొక్కవచ్చా?" అని పక్కవాళ్లను అడిగినవాళ్లు, ఆ తర్వాత నొక్కి చూసి తెలుసుకుంటారు. నేర్చుకోవడంలో వేగం అక్కడ మొదలవుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చెడగొట్టింది ఎలా చెరిగిపోతుందో, కష్టపడి రాసుకున్నదీ అలాగే చెరిగిపోతుంది. లైవ్ లినక్స్‌లో ఉత్తరం టైపు చేస్తే ఆపే ముందు వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, లేదా మీకు మీరే మెయిల్ చేసుకోండి. మార్పులు నిలిచి ఉండేలా పెన్‌డ్రైవ్‌లో కొంత చోటు కేటాయించే వీలు రూఫస్‌లో ఉంది. మొదటి వారంలో దాన్ని వాడవద్దని నా సలహా. అన్నీ చెరిగిపోవడమే ఈ వారం మీకు మేలు.

విండోస్ ఎప్పుడైనా మొరాయించి తెరుచుకోకపోతే ఈ డిస్క్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. షాపుకు తీసుకెళ్లే ముందు లైవ్ లినక్స్‌తో బూట్ చేసి, విండోస్ డ్రైవ్ తెరిచి, ఫోటోలనూ కాగితాలనూ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే రాసి పెట్టుకున్న కీ అప్పుడు అక్కరకొస్తుంది. హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం మీరేమీ ప్రయత్నించకండి. అది యంత్రం దెబ్బతిన్న గుర్తు, ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. వెంటనే ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకు ఇవ్వాలి.

ఓ వారం పాటు రోజూ కొంతసేపు ఇలా వాడాక ఇన్‌స్టాల్ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంటుంది. వైఫై, ప్రింటర్, మీ పని, మూడూ కుదిరితే బ్యాకప్ తీసుకుని ముందుకు వెళ్లండి. కుదరకపోతే డిస్క్‌ను జాగ్రత్త చేసి, కొత్త విడుదల వచ్చినప్పుడు మళ్లీ చూడండి. లినక్స్ మీకు సరిపడదని తెలుసుకోవడానికి ఒక సీడీ ఖర్చే అయింది.

ఆ డిస్క్‌ను మాత్రం ఊరికే దాచుకోకండి. ఉబుంటు, మింట్, పప్పీలను కాపీ తీసి పంచుకోవడానికి వాటి లైసెన్సులే అనుమతిస్తాయి, ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు. మీ వీధిలో పాత కంప్యూటర్ ఉండి, కొత్తది కొనలేక ఆగిపోయిన విద్యార్థి ఒకరు తప్పక ఉంటారు. ఆ పిల్లవాడికో, ఆ అమ్మాయికో ఒక కాపీ ఇచ్చి, మొదటి బూట్ అయ్యేదాకా పక్కన కూర్చోండి.